సందు మీది నీలం వైరు

14 సెప్టెంబరు 2011, బుధవారం

వైరు వేసేశారు. నేను వద్దన్న సంగతి ఎవరికీ వినపడలేదు. గట్టిగా అనలేదు కాబట్టి.

మా వంటింటి కిటికీలోంచి తీసి, సందు మీదుగా, ఎదురుగా కింద ఉన్న కాశమ్మ వాళ్ల ముందు గది కిటికీలోకి దించారు. నీలం రంగు వైరు. నేను కూరల బుట్ట దించే తాడు పక్కనే పోతోంది. ఇక బుట్ట దించినప్పుడల్లా దానికి తగలకుండా చూసుకోవాలి. ఇదొక కొత్త పని.

మా కోడలు ప్రమీల బళ్లో కంప్యూటరు టీచరు. ఈ పనంతా తనదే. పట్టకారు లాంటిది తెచ్చుకుని వైరు చివర గాజులా మెరిసే చిన్న పిన్ను పెట్టి కటుక్కున నొక్కింది. దాన్ని మా నెట్టు డబ్బా వెనక కన్నంలో గుచ్చి, "అంతే అత్తయ్యా, మన నెట్టు వాళ్లింటికి పోయినట్టే" అంది. పోతే మనకి తగ్గదా అన్నాను. "తగ్గడానికి అదేమన్నా బావిలో నీళ్లా?" అంది. నేను అనుమానంగా చూస్తే జోయెల్ నవ్వాడు. కొడుకు కదా, పెళ్లాం పక్కే నవ్వుతాడు.

నిరోష కోసమని కాబట్టి నోరు నొక్కుకున్నాను. కాశమ్మ కూతురు. పోయిన నెల యూనివర్సిటీలో గొడవ జరిగి పోలీసుల పొగ గోళాలు పేలితే, అందరితో పాటు పరుగెత్తి పడి కాలు విరగ్గొట్టుకుంది. తొడ దాకా సిమెంటు కట్టు. అక్టోబరు మూడో తారీకు పదకొండు గంటలకి పూనాలో పెద్ద సైన్సు సంస్థ వాళ్లు ఆ పిల్లతో కంప్యూటరులో మొహాలు చూసుకుంటూ మాట్లాడతారట. అదే ఇంటర్వ్యూ. విత్తనాల మీద చదువు. విత్తనాల మీద అంత చదువుంటుందని నాకు తెలీదు. ఆ ఒక్క రోజు తప్పితే మళ్లీ ఏడాది దాకా లేదట.

నిన్నటి నుంచి సకల జనుల సమ్మె. యూనివర్సిటీ మూత. నెట్టు షాపులు తెరిచిన రోజు తెరిచినట్టు, లేనిరోజు లేనట్టు. మా ఇంటికి వచ్చి కూర్చోమందామంటే మాది పై వాటా, గుండ్రటి ఇనప మెట్లు. కట్టుకాలితో ఎక్కలేదు, మంచం మీద మోద్దామన్నా మలుపు తిరగదు. పిల్ల ఎక్కలేదు కాబట్టి నెట్టే దిగి వెళ్లింది.

ఈ పుస్తకం మా ఆయన కుట్టి ఇచ్చింది. యూనివర్సిటీ లైబ్రరీలో బైండింగు చేసేవారు, మిగిలిన కాగితాలతో కుట్టారు. "సాలమ్మా, నీ భయాలు ఇందులో పెట్టు, నా చెవుల్లో కాదు" అన్నారు. ఆయన పోయి పదకొండేళ్లు. పుస్తకం ఇంకా సగమైనా కాలేదు. నాకంత భయాలేం లేవని ఆయనకి చూపించాల్సింది.

వైరు గాలికి ఊగుతోంది. ప్లాస్టిక్కే. ప్లాస్టిక్కేనా అని మూడుసార్లు అడిగాను.

15, గురువారం

పొద్దున లేచి చూశాను. ఎవరికీ ఏమీ కాలేదు. దేవునికి స్తోత్రం.

17, శనివారం

మధ్యాహ్నం మబ్బు వేసింది. లాలాపేట వైపు నల్లగా ఉంది. చూస్తుండగానే చినుకులు. వైరు మీద నీళ్లు బొట్లు బొట్లుగా జారుతూ కాశమ్మ కిటికీ వైపే పోతున్నాయి.

ప్రమీల పక్క గదిలో పేపర్లు దిద్దుకుంటోంది. ఆ పిన్నుకి చిన్న నాలుక లాంటిది ఉంది. దాన్ని నొక్కి లాగితే ఊడి వస్తుంది. కష్టమేమీ కాదు. వాన తగ్గాక మళ్లీ పెట్టేశాను. కాసేపే.

గ్లోరీ గుర్తొచ్చింది. చేతిలో బట్టల బకెట్టు. రాయను.

18, ఆదివారం

గుడికి వెళ్లే ముందు ఎప్పటిలాగే గ్యాసు కట్టేశాను, నీళ్ల మోటారు చూశాను, స్విచ్చులన్నీ తీశాను. ఇంట్లో మనుషులు లేనప్పుడు డబ్బా వెలగడం మంచిది కాదు. ఇది నేను ఇవాళ కొత్తగా చేస్తున్నది కాదు.

అయ్యగారు శాంతి గురించి చెప్పారు. ఊరంతా శాంతి గురించే చెప్తున్నారు, దాని గురించే కొట్టుకుంటున్నారు.

20, మంగళవారం

కాశమ్మ కింద నుంచి పిలిచింది.

"పెద్దమ్మా, ఉన్నవా? నెట్టు పోయి పోయి వస్తున్నదంట. పిల్ల పరేషాన్ అయితున్నది. మీకు గూడ పోతున్నదా?"

"అవునా? ఏమోనమ్మా, సమ్మెలు కదా" అన్నాను.

"సమ్మె ఉంటే నెట్టు గూడ బందు పెడతరా?"

"అన్నీ పెడుతున్నారు కదమ్మా."

నిజమే కదా. బస్సులు లేవు, బడి లేదు. అన్నీ ఆగిపోతున్న రోజుల్లో నెట్టు కాసేపు ఆగితే దాని తప్పు ఎవరి మీద పెడతాం? పాలకూర బుట్టలో వేసి పంపింది. మంచి లేత పాలకూర. తిన్నాను కాని రుచి తెలీలేదు.

21

వాన లేదు. హాయిగా ఉంది.

22, గురువారం

వాన. ఉరుములు కూడా.

ఏమీ ముట్టుకోలేదు. పిన్ను ఒక్కటే.

సాయంత్రం బుట్ట దించుదామని కిటికీ దగ్గరికి వెళ్తే కింద మాటలు వినపడ్డాయి. చాటుగా వినలేదు. కిటికీ అక్కడే ఉంది, చెవులు నాతోనే ఉన్నాయి. నిరోష ఏడుస్తోంది. ఇవాళ వాళ్ల పాత మేడంతో కంప్యూటరులో మాట్లాడి అలవాటు చేసుకుంటోందట, సగంలో తెగిపోయిందట.

నాగేష్ వచ్చాడు. కాశమ్మ కొడుకు. ఉద్యమంలో తిరుగుతాడు, తిండికి ఇంటికొస్తాడు.

"ఆంధ్రోళ్ల నెట్టమ్మా అది. ఇష్టమున్నప్పుడు ఇస్తరు, ఇష్టం లేనప్పుడు గుంజుకుంటరు. నీళ్లయినా గంతే, నౌకర్లయినా గంతే."

"ఊకో నువ్వు. పెద్దమ్మ గట్లాంటిది కాదు."

"అయితే వానొస్తే వాళ్లకు మంచిగనే వస్తది, మనకే ఎట్ల పోతది? చెప్పు."

కాశమ్మ వాడి ముందు కంచం పెట్టిన చప్పుడు వచ్చింది. ఆ చప్పుడే నాకు గుచ్చుకుంది.

ముప్పై ఎనిమిదేళ్లయింది మేం తెనాలి దగ్గర్నుంచి తార్నాకకి వచ్చి. జోయెల్ ఇక్కడే పుట్టాడు. ఆంధ్రోళ్లు అని కింద సందులో వినడం ఇదే మొదలు. బుట్ట దించలేదు. కూర లేదు రేపటికి.

24, శనివారం

ఉప్పలయ్య మెట్లెక్కి పైకి వచ్చాడు. కాశమ్మ మొగుడు, యూనివర్సిటీ హాస్టలు మెస్సులో వంటవాడు. ఆయన మా ఇంటి మెట్లెక్కడం మా ఆయన పోయిన రోజు తర్వాత ఇదే. చేతిలో నీలం వైరు. గుండ్రంగా చుట్ట చుట్టి రెండు చోట్ల దారంతో కట్టి తెచ్చాడు.

"అమ్మా, మీకెందుకు తక్లీఫ్. మాది మేం చూసుకుంటం."

ప్రమీల లేచింది. "తక్లీఫ్ ఏముంది అన్నా? నేను ఫోనాఫీసుకి మూడుసార్లు ఫోను చేశాను. లైను బాగానే ఉందంటున్నారు. ఎక్కడ తెగుతోందో నాకే అర్థం కావట్లేదు."

"అర్థమైతదిలే బిడ్డా" అన్నాడు ఉప్పలయ్య. నా వైపు చూడలేదు. పెద్దమ్మా అనకుండా అమ్మా అన్నాడు. టీ తాగమంటే వద్దని దిగిపోయాడు.

జోయెల్ వచ్చాక అన్నాడు, "అడిగారు, ఇచ్చాం. వద్దన్నారు, తీసుకున్నాం. వదిలెయ్యండి." వాడి ఆఫీసులో కూడా ఎవరితో ఎవరు మాట్లాడుతున్నారో లెక్క మారిపోయిందట.

వైరు పోయింది కాబట్టి వాన వచ్చినా భయం లేదు. అదొక నెమ్మది.

25, ఆదివారం

నెమ్మదిగా లేదు.

27, మంగళవారం

ఇవాళ్టి నుంచి బతుకమ్మ. కాశమ్మ పొద్దున్నే తంగేడు పూలు తెచ్చి వాకిట్లో పోసుకుంది. పైనుంచి చూశాను. పచ్చగా పరుచుకున్నాయి. తలెత్తి చూస్తుందేమో అని అక్కడే నిలబడ్డాను. చూడలేదు.

ఏటా మొదటి రోజు నా బుట్టలో గిన్నె ఎక్కుతుంది. బతుకమ్మకి పెట్టకముందే నా వాటా తీసి పక్కన పెడుతుంది. దేవుడికి పెట్టినవి మేం తినమని తెలుసు. మొదటి ఏడు నేను మొహమాటపడుతూ చెప్తే, "గంత మాటకు మొఖం ఎందుకు గట్ల పెడతవ్? ముందుగాల నీకు, ఎన్క అమ్మకు. అమ్మేం అనుకోదులే" అంది. అప్పటి నుంచి ఒక్క ఏడూ తప్పలేదు. తొలి ముద్ద నాదే.

సాయంత్రం దాకా బుట్ట కిటికీలోనే పెట్టుకుని కూర్చున్నాను. ఖాళీ బుట్ట.

ప్రమీల బయటి నుంచి వస్తూ ఇంకో కబురు తెచ్చింది. మూడో తారీకున నాగేష్ తన బండి మీద చెల్లెల్ని విద్యానగర్‌లో స్నేహితుడి ఇంటికి తీసుకెళ్తాడట, అక్కడ నెట్టు ఉందట. క్యాంపస్ లోపల నుంచి, ముళ్ల కంచెలు దాటుకుంటూ. ఆ కట్టుకాలు చాపుకుని బండి మీద కూర్చుని వెళ్తుందట ఆ పిల్ల. మళ్లీ పొగ గోళాలు పేలితే? మొదటిసారి రెండు కాళ్ల మీద పరుగెత్తితేనే విరిగింది.

28, బుధవారం

నా వల్ల కాదు. నేను చెప్పను. పరిస్థితులు బాగాలేక వాళ్లు అలా అనుకున్నారు. పిన్ను సంగతి చెప్తే ఇంకోలా అనుకుంటారు. ముసలిదానికి మతి చెడిందని ప్రమీల అనుకుంటుంది. మూడుసార్లు ఫోనాఫీసు వాళ్లతో పోట్లాడింది పాపం.

అయినా పిన్ను తీస్తే నెట్టు పోతుందని నాకేం తెలుసు?

తెలుసు.

29, గురువారం

చెప్పేశాను. రాస్తాను. ఇవాళ రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు.

పొద్దున ప్రార్థనకి కూర్చున్నాను. "మా అపరాధములు" దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. కళ్లు తెరిచి, చెప్పులు వేసుకుని, మెట్లు దిగాను. నా మోకాళ్ల వల్ల ఆదివారం గుడికి తప్ప ఆ మెట్లు దిగను. అందరూ ఇంట్లోనే ఉన్నారు. కాశమ్మ పూలు పేరుస్తోంది, ఉప్పలయ్య ఉల్లిపాయలు తరుగుతున్నాడు, నాగేష్ అన్నం తింటున్నాడు, నిరోష కాలు పీట మీద పెట్టుకుని చదువుకుంటోంది.

"నెట్టు తెంపింది నేనే" అన్నాను. గుమ్మంలోనే.

నాగేష్ తలెత్తాడు. "చూసినవా అమ్మా? నేను జెప్పలే?"

"నువ్వు తినురా" అంది కాశమ్మ. "పెద్దమ్మా, లోపటికి రా. కూసో. ఎందుకు తెంపినవ్?"

"వాన పడితే కరెంటు దిగుతుందని. ఆ వైరులోంచి. మీ కిటికీలోకి. నువ్వు తడి చేత్తో కిటికీ రెక్క తీస్తావు కదా."

నలుగురూ నన్నే చూస్తున్నారు. నిరోష మెల్లగా, "అమ్మమ్మా, నెట్టు వైర్ల కరెంటు ఉండదు" అంది. నాకు తెలుసు, ప్రమీల చెప్పింది, ప్లాస్టిక్కే అని మూడుసార్లు చెప్పింది. తలకి తెలుసు. చేతికి తెలీదు. అప్పుడిక చెప్పేశాను. యాభై ఏళ్లుగా ఎవరికీ చెప్పనిది.

గ్లోరీ నా చెల్లెలు. పంతొమ్మిదేళ్లు. మిషను కాంపౌండులో మా వాకిలికి పక్కింటి గోడకి మధ్య బట్టలారేసే ఇనప తీగ ఉండేది. కరెంటు స్తంభం నుంచి వచ్చే వైరు గాలికి రాసుకుని రాసుకుని దాని తొడుగు పోయింది, ఎవరూ చూడలేదు. వాన తెరిపిచ్చింది. "పోవే, బట్టలు ఆరేసి రా, మళ్లీ పడుతుంది" అన్నాను. నేనే అన్నాను. బకెట్టు పట్టుకుని వెళ్లింది. తడి చీర తీగ మీద వేసింది. ముట్టుకోబోతే నన్ను పక్కింటాయన కాలితో తన్ని దూరం తోశాడు. అందుకే నేనున్నాను.

నాగేష్ ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. కాశమ్మ పూల చేతులతోనే నా రెండు చేతులూ పట్టుకుంది.

"గిదా? గిది ముందుగాల చెప్తే ఏమైతుండె పెద్దమ్మా? నేను ఇంకేందేందో అనుకుంటి. తెలంగాణ వస్తే మనసు గూడ విరిగినట్టే అనుకుంటి."

"వస్తే మమ్మల్ని పొమ్మంటారా?" అన్నాను. నోరు జారింది. చాలా రోజుల నుంచి నోట్లోనే ఉంది.

"యాడికి పోతవ్? పోతే నీ బుట్ట ఎవ్వలు నింపాలె?" అంది. నాగేష్ వైపు తిరిగి, "ఏరా, పొమ్మంటవా?" అని గద్దించింది. వాడు కంచంలోకి చూస్తూ, "నేను ఈమెను అన్లే. సర్కారును అన్న" అన్నాడు. తర్వాత కొంచెం ఆగి, "మాఫ్ చెయ్యి అమ్మమ్మా" అన్నాడు. నేను వాణ్ని అడగాల్సింది.

ఉప్పలయ్య లేచాడు. చేతులు తుడుచుకుని పైకి వెళ్లి, ప్రమీలని అడిగి వైరు చుట్ట తెచ్చాడు. ఒక కొస ప్రమీల పైన డబ్బాకి పెట్టిందట. రెండో కొస సందు మీదుగా లాగి నా ముందు నిలబడ్డాడు. నేను వద్దు వద్దంటుండగానే ఆ పిన్ను నాలుక మీద పెట్టుకున్నాడు.

చప్పరించాడు. మెస్సులో సాంబారు రుచి చూసినట్టు కళ్లు మూసుకుని ఆలోచించాడు.

"ఉప్పు తక్కువైంది పెద్దమ్మా" అన్నాడు.

నిరోష నవ్వు ఆపుకోలేక కట్టుకాలు పట్టుకుంది. నేను నవ్వానో ఏడ్చానో తెలీదు. పెద్దమ్మా అన్నాడు, అది మాత్రం విన్నాను.

పైకి వచ్చాక ప్రమీల నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. వైరు కోసం వచ్చినప్పుడు ఉప్పలయ్య అంతా చెప్పాడట. "మూడుసార్లు అత్తయ్యా. మూడుసార్లు పోట్లాడాను ఫోనాఫీసుతో. ఒకాయనైతే, మీ ఇంట్లోనే ఎవరో తీస్తున్నారేమో చూడండి మేడం అన్నాడు. మా ఇంట్లో అలాంటివాళ్లు లేరని అరిచాను." అని, దగ్గరికొచ్చి, "గ్లోరీ పిన్ని సంగతి మాకెందుకు చెప్పలేదు?" అంది.

ఎందుకు చెప్పలేదో నాకూ తెలీదు. ఇవాళ ఒళ్లు తేలికగా ఉంది. మోకాళ్లు తప్ప.

1 అక్టోబరు, శనివారం

వాన వచ్చింది. చెయ్యి పిన్ను దగ్గరికి వెళ్లింది. నేను పంపలేదు, అదే వెళ్లింది.

కింద నుంచి కాశమ్మ కేక. "పెద్దమ్మా! వైరు ముట్టుకున్న! తడి చేతే! బతికే ఉన్న!"

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అయిదు నిమిషాలకి మళ్లీ, "ఇంక గూడ బతికే ఉన్న పెద్దమ్మా!" వాన ఆగేదాకా నాలుగుసార్లు అరిచింది. సందులో పోయేవాళ్లు ఏమనుకున్నారో. ఇది మా ఇద్దరి ఒప్పందం అనుకోవాలి. ఆవిడ అరవాలి, నేను తీయకూడదు.

నిరోష వాళ్ల మేడంతో గంటసేపు మాట్లాడిందట. ఒక్కసారీ తెగలేదు.

2, ఆదివారం

గుడికి వెళ్లేటప్పుడు గ్యాసు కట్టాను. మోటారు చూశాను. స్విచ్చులు తీశాను. డబ్బా స్విచ్చి తీయలేదు. పాట పాడుతున్నంతసేపూ డబ్బా కాలిపోతున్నట్టే ఉంది. వచ్చి చూస్తే పచ్చ లైటు మిణుకు మిణుకుమంటూ బుద్ధిగా ఉంది.

3, సోమవారం

అయిపోయింది. గండం గడిచింది. ఇప్పుడు సాయంత్రం అయిదు. నా చేతికి ఇంకా రబ్బరు వాసన వస్తోంది.

పదిన్నరకే ప్రమీల కిందికి వెళ్లి నిరోష పక్కన కూర్చుంది, ఏదైనా చిక్కు వస్తే చూడటానికి. జోయెల్ ఆఫీసుకి పోయాడు. పైన నేనొక్కదాన్నే. నా పని డబ్బాని చూస్తూ కూర్చోవడం. "పచ్చగా వెలుగుతున్నంతసేపు ఏమీ చెయ్యకండి అత్తయ్యా. దయచేసి ఏమీ చెయ్యకండి" అని చెప్పి దిగింది.

పదకొండుకి మొదలైంది. పదకొండు పదికి కరెంటు పోయింది.

సమ్మెలో బొగ్గు రాక కోతలు పెడుతున్నారు కాని, మా వీధి వంతు మధ్యాహ్నం అన్నారు. ముందే తీశారు. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కాబట్టి డబ్బా ఆరలేదు. లేచి ఫ్యాను కట్టాను, రెండో ఫ్యాను కట్టాను, లైట్లన్నీ తీశాను. ఉన్న కరెంటంతా ఆ పచ్చ లైటుకే. చెమటలు పోస్తున్నాయి.

అప్పుడు కాశమ్మ సందులోకి వచ్చింది. గట్టిగా మాట్లాడకూడదు, లోపల ఇంటర్వ్యూ. తల పైకెత్తి గుసగుసగా, "పెద్దమ్మా, గా ల్యాప్‌టాపు బ్యాటరీ అయిపోతున్నదంట. ఇంక పదిహేను నిమిషాలేనంట. దోస్తు దగ్గర తెచ్చింది, పాతది. మా ఇంట్ల కరెంటు లేదాయె."

ఆవిడ మొహం పూలు వాడిపోయినట్టుంది. ఇది నేను తీసిన పిన్ను కాదు. అయినా నేనే తీసినట్టుంది.

మా దగ్గర క్రిస్మస్ నక్షత్రం వైరు ఉంది. డాబా మీద నక్షత్రం వెలిగించడానికి జోయెల్ కొన్న పొడుగు వైరు, చివర ప్లగ్గులు పెట్టే డబ్బా. ఇరవై గజాలు. మంచు పడుతోందని ఏ డిసెంబరులోనూ నేను దాన్ని తొమ్మిది దాటి వెలగనివ్వలేదు. పెట్టెలోంచి తీశాను. బుట్టలో పెట్టి దించాను. రెండో కొస ఇన్వర్టర్ ప్లగ్గు దగ్గరికి తెచ్చాను.

చినుకు మొదలైంది.

నీలం వైరులో కరెంటు లేదు. ఉప్పలయ్య నాకి చూపించాడు. దీంట్లో ఉంది. దీంట్లో ఉన్నది అసలు కరెంటే. ఇంటి నుంచి ఇంటికి, సందు మీదుగా, వానలో. యాభై ఏళ్లు ఏది జరగకూడదనుకున్నానో దానికి నేనే వైరు దించి కూర్చున్నాను.

"కాశమ్మా, చేతులు తుడుచుకో. పొడి గుడ్డతో. చెప్పులు వేసుకో. రబ్బరువి. డబ్బా గుమ్మంలో కాదు, లోపల బల్ల మీద పెట్టు. పెట్టాక చెప్పు. పెట్టి దూరం జరిగాక చెప్పు."

వైరుని నా చేతులతో మొదటి నుంచి చివరి దాకా తడిమి చూశాను, ఎక్కడా తొడుగు పోలేదు. ఆ రోజు ఆ స్తంభం మీది వైరుని ఎవరైనా ఇలా తడిమి చూసి ఉంటే. గొడుగు విప్పి కిటికీలోంచి వైరు మీదకి పట్టాను. కాళ్ల కింద రబ్బరు చెప్పులు, చెప్పుల కింద చెక్క పీట.

గుసగుసలు మర్చిపోయి కాశమ్మ కేక వేసింది. "చెప్పులేసుకున్న పెద్దమ్మా! దూరం జరిగిన!"

స్విచ్చి వేశాను. నా చేత్తో.

ఏమీ కాలేదు.

లోపల నుంచి ప్రమీల బొటనవేలు కిటికీలోంచి బయటికి వచ్చింది, పైకి ఎత్తి. అంటే ఎక్కుతోందని. నేను పీట మీద నిలబడి గొడుగు పట్టుకుని ముప్పై నిమిషాలు కదల్లేదు. చెయ్యి లాగేసింది. ఆ ముప్పై నిమిషాలు నేనేం ప్రార్థించానో నాకే తెలీదు. ఒక పక్క పచ్చ లైటు, ఒక పక్క చినుకులు. గ్లోరీతో మాట్లాడినట్టున్నాను. ఆగవే, వైరు తడిమి చూశానే, ఈసారి చూశానే, అని.

పన్నెండు కావస్తుండగా నిరోష గొంతు. "అమ్మమ్మా! అయిపోయింది!"

స్విచ్చి తీశాను. ప్లగ్గు పీకాను. బుట్ట పైకి లాగాను. అప్పుడు నేల మీద కూర్చుండిపోయాను.

ప్రమీల పైకి వచ్చి చెప్పింది. వాళ్లు నలుగురట, చాలా ప్రశ్నలు వేశారట, నిరోష ఒక్కదానికే తడుముకుందట. మధ్యలో కాశమ్మ కేక వాళ్లకీ వినపడిందట. అదేమిటి అని అడిగారట. మా ఇంట్లో కరెంటు పోయింది, పై ఇంటి అమ్మమ్మ కరెంటు దించుతోంది, మా అమ్మ చెప్పులు వేసుకున్నానని చెప్తోంది అని నిరోష ఉన్నదున్నట్టు చెప్పిందట. పూనావాళ్లు పడి పడి నవ్వారట. నవ్వాక ఆ పిల్లకి భయం పోయి బాగా చెప్పిందట.

4, మంగళవారం

సద్దుల బతుకమ్మ. మధ్యాహ్నం కింద నుంచి, "పెద్దమ్మా, బుట్ట దించు!"

పులిహోర, నువ్వుల సద్ది, పెరుగు సద్ది, మలీద ముద్దలు. బుట్ట బరువెక్కి చెయ్యి పట్టు తప్పబోయింది.

"ముందే తీసినవేనా?" అన్నాను. ఆవిడ మాటే వచ్చింది నా నోటికి.

"ముందుగాల నీకు, ఎన్క అమ్మకు. మొదటి రోజుది గూడ గిండ్లనే ఉన్నది. గా దినం తీసి పక్కకు పెట్టిన. పంపబుద్ధి కాలే. సత్తుపిండి, కరాబు కాదులే, తిను."

అడుగున చిన్న స్టీలు డబ్బా. ఆ రోజు కూడా తీసిందన్నమాట. నాకు పంపలేదు కాని, తీయడం మానలేదు.

జోయెల్ మూడు మలీద ముద్దలు తిన్నాడు. ఎవరితో ఎవరు మాట్లాడుతున్నారో లెక్క తీయలేదు.

9

కబురు లేదు. పూనాలో ఏమైనా వరదలా అని అడిగాను. లేవంది ప్రమీల.

12

కబురు లేదు. నవ్వడం మంచిది కాదేమో. నవ్వినవాళ్లు సీటు ఇవ్వరేమో.

15, శనివారం

సీటు వచ్చింది!

ఆ ఉత్తరం కంప్యూటరులోకే వచ్చిందట. అంటే మా డబ్బాలోంచి, మా కిటికీలోంచి, సందు మీదుగా దిగి వెళ్లింది. నా కళ్ల ముందు నుంచే పోయింది, నాకు తెలీలేదు. కింద అరుపులు వినపడగానే కరెంటు కొట్టిందనుకుని సగం మెట్లు దిగేశాను. ఉప్పలయ్య ఎదురొచ్చి, "పెద్దమ్మా, ఇప్పుడు ఉప్పు సరిపోయింది" అన్నాడు. నాగేష్ నన్ను చెయ్యి పట్టుకుని మిగతా మెట్లు దింపాడు. నిరోష నా చెయ్యి తన కట్టు మీద పెట్టి పేరు రాయమంది. అందరూ రాశారట. గుండ్రంగా, తప్పు లేకుండా రాశాను. సాలమ్మ. కింద ఇంకో పేరు కూడా రాశాను. ఎవరని ఎవరూ అడగలేదు. వాళ్లకి తెలుసు.

జనవరిలో చేరాలట. అప్పటికి కాలు నడుస్తుందట, రైళ్లు నడుస్తాయట. రెండూ నడవాలి తండ్రీ.

19, బుధవారం

ప్రమీల అడిగింది, ఇంటర్వ్యూ అయిపోయింది కదా, వైరు తీసేద్దామా అత్తయ్యా అని. నా మొహం చూడటానికే అడిగింది. ఉండనీ అన్నాను. నిరోష పూనా వెళ్లాక కాశమ్మ దాని మొహం చూడాలి కదా.

నాలుగింటికి వాన పట్టుకుంది. పెద్ద వాన. ఎదురు చూశాను. ఇవాళ కేక లేదు. కాశమ్మ నిద్రపోయిందో, బయటికి వెళ్లిందో. రెండుసార్లు లేచి పిన్ను దాకా వెళ్లాను. రెండుసార్లూ వచ్చి కూర్చున్నాను.

మూడోసారి లేచి పిన్ను దగ్గరికి కాదు, కిటికీ దగ్గరికి వెళ్లాను. చెయ్యి బయటికి చాపాను. చాలాసేపు అలాగే చాచి ఉంచాను, వేళ్ల మీద చినుకులు పడుతున్నాయి. అప్పుడు పట్టుకున్నాను. చల్లగా ఉంది. మామూలు వైరు.

"కాశమ్మా!" అని అరిచాను. "ముట్టుకున్నానే! బతికే ఉన్నాను!"

కింద తలుపు తెరుచుకుంది.